ఇనుప నేలలో ఇనుము కరువు

“విత్తనాలకు సూడోమోనాస్ పొడి పట్టించి వేస్తే ఒక చేనులో ఎండు తెగులు బాగా తగ్గింది. ఇంకో చేనులో ఏ తేడా లేదు. అదే పొడి, అదే విత్తనం. ఇది నిజంగా పనిచేసే మందా, ఉత్త నమ్మకమా?” అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తుంటాను. దీనికి జవాబు చెప్పాలంటే తెగులు కంటే ముందు తుప్పు గురించి మాట్లాడాలి.

మేలు చేసే బ్యాక్టీరియా అనగానే అందరూ రైజోబియంతో, వేరు బుడిపెలతో మొదలుపెడతారు. అది బళ్లో చదువుకున్నదే కాబట్టి వదిలేస్తాను. ఈ పొడిలో ఉండే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే బ్యాక్టీరియా బుడిపెలు కట్టదు. వేరును అంటిపెట్టుకుని, అది విడిచే చక్కెరలూ ఆమ్లాలూ తింటూ బతుకుతుంది. వేరు చుట్టూ ఉండే ఆ పల్చటి మట్టి పొరకు 1904లో లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుందంతే. మిగతా మట్టితో పోలిస్తే అక్కడ తిండి పుష్కలం. కరువల్లా ఇనుముకే.

ఈ మాట ఎవరికీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. భూమి పైపొర బరువులో దాదాపు 5 శాతం ఇనుమే కదా! ఎర్రనేలలు ఎర్రగా ఉండేది దానివల్లే కదా! నిజమే, కానీ అందులో చాలా భాగం తుప్పు. గాలి తగిలే నేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, ఆ రూపం నీటిలో దాదాపు కరగదు. పీహెచ్ అంటే ఆమ్లగుణాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 7 దగ్గర లీటరు నీటిలో విడిగా తిరిగే ఫెర్రిక్ అయాన్లు 6 లక్షలకు అటూ ఇటూగా ఉంటాయి. పెద్ద సంఖ్యలా ఉంది కదూ? ఒక్క బ్యాక్టీరియా కణం ఎదిగి రెండుగా చీలడానికే లక్ష నుంచి 10 లక్షల ఇనుము పరమాణువులు కావాలి. లీటరు నీరంతా ఊడ్చుకున్నా కడుపు నిండేది ఒకటో రెండో కణాలకు, మహా అయితే ఆరింటికి. చిటికెడు మట్టిలో ఉండే బ్యాక్టీరియా మాత్రం కోట్లలో. తుప్పు నుంచి కొత్త ఇనుము కరుగుతూనే ఉంటుంది గానీ, ఆ వేగం ఎవరికీ చాలదు.

అందుకని బ్యాక్టీరియా తనే ఇనుమును వెతికి తెచ్చుకుంటుంది. సిడెరోఫోర్లు అనే చిన్న అణువులను తయారుచేసి బయటికి వదులుతుంది. గ్రీకులో ఆ మాటకు ఇనుమును మోసేది అని అర్థం. సూడోమోనాస్ చేసే సిడెరోఫోర్ పేరు పయోవెర్డిన్. కొన్ని అమైనో ఆమ్లాల గొలుసు, దానికి అతుక్కున్న ఒక రంగు భాగం. అది ఇనుమును ఆరు చోట్ల ఒకేసారి పట్టుకుంటుంది, ఆరు వేళ్ల పిడికిలి లాగా. ఆ పట్టు బలాన్ని సంఖ్యలో చెబితే 1 పక్కన 32 సున్నాలు. ఇంకో అందమైన సంగతి ఉంది. ఖాళీ పిడికిలి అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరుస్తుంది, ఇనుము దొరికి పిడికిలి మూసుకోగానే ఆ మెరుపు ఆరిపోతుంది. ఫ్లోరోసెన్స్ అనే పేరు ఈ మెరుపు వల్లే వచ్చింది. అంటే మనం చూసి మురిసిపోయే ఆ కాంతి నిజానికి బ్యాక్టీరియా ఆకలి.

నిండిన పిడికిలి కణం గోడలోని మామూలు రంధ్రాల్లో పట్టదు. దానికోసమే ఒక ప్రత్యేక ద్వారం ఉంటుంది. ఎఫ్‌పీవీఏ అనే ప్రొటీన్ దాన్ని గుర్తుపడుతుంది, టాన్‌బీ అనే ఇంకో ప్రొటీన్ లోపలి పొర నుంచి శక్తి అందించి ఆ ద్వారం తెరిపిస్తుంది. రెండు పొరల మధ్య సందులో ఫెర్రిక్ ఇనుము తేలిగ్గా కరిగే ఫెర్రస్ రూపంలోకి మారుతుంది, వెంటనే పట్టు సడలుతుంది. సూడోమోనాస్ ఎరుజినోసాలో అయితే ఖాళీ అయిన పయోవెర్డిన్‌ను మళ్లీ బయటికి పంపి వాడుకోవడం కూడా చూశారు. లోపల ఇనుము సరిపడా చేరాక ఫర్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని డీఎన్ఏ మీద కూర్చుంటుంది, పయోవెర్డిన్ తయారీ ఆగిపోతుంది. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, పాఠకుడి రెండో చేను ఇందులోనే ఉంది.

ఇక తెగులు సంగతి. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రానికీ ఇనుము కావాలి, దానికీ సొంత సిడెరోఫోర్లున్నాయి. కానీ వాటి పట్టు పయోవెర్డిన్ అంత గట్టిది కాదు, పయోవెర్డిన్ పట్టిన ఇనుము దాని చేతికి రాదు. మట్టిలోని శిలీంధ్ర బీజాలకు మొలకెత్తే శక్తి తగ్గి శిలీంధ్రం మందగిస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపలేదు, తిండి ముందే ఎత్తేశారు అంతే. మందు అంటే చంపేది అని పిల్లలకు నేర్పడం మానేయాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ ఒక్క అలవాటు వల్ల ఇంత చక్కటి విషయం బుర్రకెక్కదు.

దీన్ని 1980లో క్లోపర్, ష్రోత్ అనే శాస్త్రవేత్తల బృందం కాలిఫోర్నియాలో రుజువు చేసింది. కొన్ని నేలల్లో తెగులు శిలీంధ్రం ఉన్నా తెగులు రాదు. ఆ భూమికేదో మహిమ ఉందని అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ మట్టిని ఆవిరితో వేడి చేస్తే మహిమ పోతుంది, పిడికెడు తీసి వేరే మట్టిలో కలిపితే కొంత అక్కడికీ వస్తుంది. అంటే అది మట్టిలో బతికున్నదేదో చేస్తున్న పని. క్లోపర్ బృందం తెగులు వచ్చే మట్టిలో సూడోమోనాస్‌ను గానీ, దాని సిడెరోఫోర్‌ను ఒక్కదాన్నే గానీ కలిపితే తెగులు తగ్గింది. తెగులు రాని మట్టికి ఇనుము కలిపితే తెగులు తిరిగొచ్చింది. ఎంత శుభ్రమైన ప్రయోగం! ఇనుము ఇస్తే రక్షణ పోయింది, ఇనుము అందకుండా చేస్తే తెగులు ఆగింది.

మొక్కకు మాత్రం ఇనుము కరువు రాదా అని అడగొచ్చు. చాలా మొక్కలు వేరు దగ్గర ఆమ్లం వదిలి, ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చి తాగేస్తాయి. గడ్డి జాతి పంటలు తమ సొంత సిడెరోఫోర్లు వదులుతాయి. ఆరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్క పయోవెర్డిన్ పట్టిన ఇనుమును కూడా తీసుకోగలదు.

ఇప్పుడు ఆ రెండో చేను. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే కరిగే ఫెర్రిక్ అయాన్లు వెయ్యి రెట్లు పెరుగుతాయి. పీహెచ్ 5 ఉన్న ఆమ్ల నేలలో కరువు బాగా సడలిపోతుంది. నీరు నిలిచి గాలి ఆడని నేలలో ఇనుము ఫెర్రస్‌గా మారి తేలిగ్గా కరుగుతుంది. అక్కడ ఫర్ తన పని తాను చేస్తుంది, పయోవెర్డిన్ ఆగిపోతుంది, శిలీంధ్రానికీ ఇనుము దొరుకుతుంది. బ్యాక్టీరియా బతికే ఉంటుంది, కానీ దాని చేతిలో ఆయుధం ఉండదు. సూడోమోనాస్‌కు వేరే దారులూ ఉన్నాయి, ఫ్లోరోగ్లూసినాల్ జాతి యాంటీబయాటిక్‌లు, ఆకు దాకా మొక్కను అప్రమత్తం చేసే సంకేతాలు. ఆ పద్ధతులు ఏ రకంలో ఎంత ఉన్నాయన్నది ఆ రకాన్ని బట్టే ఉంటుంది. ఇంకో మామూలు కారణం, పొడిలో ప్రాణమే మిగలకపోవడం. సూడోమోనాస్ బాసిల్లస్ అనే ఇంకో బ్యాక్టీరియాలా స్పోర్లు, అంటే కష్టకాలాన్ని తట్టుకునే గట్టి బీజాలు, కట్టదు, ఎండకూ వేడికీ ఆరిపోవడానికీ తొందరగా చనిపోతుంది. రాగి మందుతో కలిపితే ఇక చెప్పనక్కర్లేదు.

చివరగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి. రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా టమాటాలో వడలు తెగులు తెస్తుంది. వేరు దగ్గరి కొన్ని పొరుగు బ్యాక్టీరియాల సిడెరోఫోర్లు దాన్ని ఆపేస్తాయి. కొన్నింటి సిడెరోఫోర్లను మాత్రం రాల్‌స్టోనియా తన ద్వారం గుండా లోపలికి లాక్కుని దర్జాగా పెరుగుతుంది. పొరుగువాడు కష్టపడి ఇనుము పట్టాడు, తాళం చెవి శత్రువు దగ్గరా ఉంది. అందుకే పాకెట్ మీద ఒట్టి సూడోమోనాస్ అని ఉంటే అది సగం సమాచారమే. ఏ రకం, గ్రాముకు ఎన్ని బతికున్న కణాలు, ఎప్పుడు తయారైంది అనేవి చూడాలి. చేను పీహెచ్ ఎంతో కూడా తెలుసుకుంటే, మీ రెండు చేలకూ వేర్వేరు జవాబులు దొరకొచ్చు.