పెడన కలంకారీ: అచ్చులు తీసుకెళ్తే రంగు వెంట వస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"బాబాయ్ గారూ, అచ్చులు చెక్కించి ఇవ్వండి, రంగుల కొలతలు రాసివ్వండి, మిగతాదంతా మేం ఇక్కడే చూసుకుంటాం" అని ఏడాది పొడవునా ఎవరో ఒకరు నాకు ఫోను చేస్తూనే ఉంటారు. హైదరాబాదు శివార్లలో షెడ్డు అద్దెకు తీసుకున్న వాళ్ళు, ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం మొదలుపెడదామనుకునే దంపతులు, అమెరికాలో ఉంటూ ఊళ్ళో అమ్మానాన్నల చేత యూనిట్ పెట్టిద్దామని చూసే పిల్లలు ఇలా అడుగుతుంటారు. వీళ్ళెవరూ మోసం చేద్దామని అడగడం లేదు, కలంకారీ మీద నిజమైన ఇష్టంతోనే అడుగుతున్నారు. అయితే మచిలీపట్నం దగ్గరి పెడనలో రంగుల పని చేయిస్తూ బతికే నాబోటి వాళ్ళకు ఆ ప్రశ్నలోనే నష్టం కనబడుతుంది. అందుకే తరచుగా వినబడే అపోహల గురించి ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అపోహ: కలంకారీ రంగుల కొలతల్లో ఉంటుంది, నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళే.

జనానికి అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ ఒక్క నమ్మకమే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

వాస్తవం: మా పనిలో రంగు బట్ట మీద పూసేది కాదు, బట్టలో పుట్టేది. గాడా అనే ముతక నూలు బట్టను ఉతికి, కరక్కాయ రసంలో పాలు కలిపి ముంచి ఎండబెట్టినప్పుడు కరక్కాయలోని వగరు బట్ట అంతటా పడుతుంది. ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రావణంతో అచ్చు వేస్తే, ఆ వగరూ ఇనుమూ కలిసి అక్కడికక్కడే నలుపు అవుతుంది. ఎరుపు రావలసిన చోట మాత్రం అచ్చుతో అద్దేది ఎరుపు రంగు కాదు, బంకలో కలిపిన పటిక. దాన్ని రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కాలువలో జాడించి, ఆ తరువాత రాగి బానలో రంగు చెక్కతోనో, అలిజరిన్ అనే రసాయనపు ఎర్ర రంగుతోనో ఉడికించినప్పుడు పటిక పడిన చోట మాత్రమే ఎరుపు తేలుతుంది. ఇంతవరకు ఎవరు రాసిచ్చినా కొలతలు ఒకటే. తేడా వచ్చేదల్లా జాడించే దగ్గర, ఉడికించే దగ్గర, ఎండబెట్టే దగ్గర.

పారే నీళ్ళలో బట్టను జాడిస్తే, దారానికి పట్టని అదనపు పటికా బంకా నీటితో పాటు కొట్టుకుపోతాయి. అదే సిమెంటు తొట్టిలో జాడిస్తే విడిపోయిన పటిక ఆ తొట్టి నీళ్ళలోనే తిరిగి తిరిగి, తెల్లగా ఉండవలసిన ఖాళీ చోట్లలో కూర్చుంటుంది. అలా కూర్చున్నది కంటికి కనిపించదు. బట్ట ఆరాక చూసినా శుభ్రంగానే ఉంటుంది. బానలో వేసి మంట పెట్టాక, పువ్వుల మధ్య ఖాళీలన్నీ గులాబి మరకలై పైకి వస్తాయి. అప్పటికి బట్ట ఖర్చు, కరక్కాయ ఖర్చు, అద్దకం కూలి అన్నీ అయిపోయి ఉంటాయి. మా కాలువ గట్టున బట్ట జాడించే మనిషి నడుం లోతు నీళ్ళలో ప్రవాహం వాలుకు బట్టను వదిలి పట్టుకుని, మడత మీద మడత పడనివ్వకుండా చూసుకోవడం పైనుంచి చూసేవాళ్ళకు ఉతకడంలాగే కనిపిస్తుంది గానీ, తెల్లదనం నిలిచేదీ పోయేదీ ఆయన చేతిలోనే ఉంది.

ఇక బోరు నీళ్ళ సంగతి. బట్ట అంతటా కరక్కాయ వగరు ఉందని పైన చెప్పాను కదా, ఆ నీళ్ళలో ఇనుము ఏ కొంచెం ఉన్నా, అచ్చు వేయని చోట కూడా బట్ట బూడిద రంగుకు తిరుగుతుంది, ఎరుపు చచ్చి వంకాయ రంగులోకి దిగుతుంది. ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువగా ఉన్న నీళ్ళు పటికను దారానికి పట్టకముందే విరగ్గొట్టి తెల్లటి పొడిగా కిందికి దించేస్తాయి. ఊరి నీళ్ళు మారితే కందిపప్పు ఉడకదని ఇంట్లో వంట చేసే ప్రతివారికీ తెలుసు, రంగు కూడా అంతే. అలాగని శుద్ధి యంత్రం పెట్టించి నీళ్ళలోని సమస్తాన్నీ తీసేస్తే పని అవుతుందనుకోవద్దు. అలిజరిన్ ఎరుపు నిండుగా రావాలంటే పటికతో పాటు కొద్దిగా సున్నపు అంశం కూడా కావాలి. ఒట్టి శుద్ధ జలంలో ఉడికించిన ఎరుపు పాలిపోయినట్టు, గట్టిదనం లేకుండా ఉంటుంది. తెలిసినవాళ్ళు అటువంటి నీళ్ళకు సుద్ద కలుపుతారు, అయితే ఎంత కలపాలన్నది ఆ నీళ్ళను బట్టి ఉంటుందే తప్ప కాగితం మీద రాసిచ్చేది కాదు.

హైదరాబాదు అవతల ఒక కుటుంబం ఇలాగే యూనిట్ పెట్టి, మొదటి ఉడుకు తరువాత నన్ను పిలిపించారు. వెళ్ళి చూస్తే అచ్చులు మా ఊళ్ళో చెక్కినవే, బల్లల మీద అద్దకం వేసిన కుర్రాళ్ళు మా ఊరివాళ్ళే, కొలతల్లో ఎక్కడా తప్పు లేదు. తీగల మీద ఆరేసిన తాన్లన్నీ మాత్రం మట్టి కొట్టుకుపోయినట్టు ఉన్నాయి. రంగు సరుకు కల్తీదని ఆ ఇంటి పెద్దాయన దుకాణదారు మీద మండిపడుతున్నారు, ఆయన భార్య మాత్రం ఒక పక్కన నిలబడి ఒక్కో తానూ విప్పి మళ్ళీ మడత పెడుతూ, ఎక్కడైనా నాలుగు గజాలు బాగుందేమోనని వెతుకుతున్నారు. నేను కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క ఒకటి వాళ్ళ బోరు నీళ్ళలో ముంచి గట్టు మీద పెడితే కాసేపటికే బూడిద రంగుకు తిరిగింది. బోరు వేయించక ముందు ఇదే పని చేసి ఉంటే వాళ్ళ పొదుపంతా నిలిచేది. "ముందు మీ నీళ్ళు ఎలాంటివో చూసుకోండి" అని వాళ్ళను ముందుగా హెచ్చరించిన వాళ్ళు ఒక్కరూ లేరు, యంత్రాలమ్మేవాళ్ళూ షెడ్డు కట్టినవాళ్ళూ మాత్రం ఎవరి లెక్క వాళ్ళు తీసుకుపోయారు. ఆ రోజు నుంచి నేను ఈ మాట కనబడిన ప్రతివారికీ చెబుతూనే ఉన్నాను.

నీళ్ళ తరువాత ఎండ. ఉడికించిన బట్ట నేల రంగు పసుపు తిరిగి ఉంటుంది. దాన్ని పేడ నీళ్ళలో నానబెట్టి, కాలువ గట్టున పరిచి, ఆరుతున్న కొద్దీ నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి ఎండనిస్తే తప్ప తెలుపు తేలదు. ఇందుకు పరిచేందుకు జాగా, పక్కనే నీళ్ళు, మంచి ఎండ మూడూ ఒక్కచోట ఉండాలి. కృష్ణా డెల్టాలో మేము చివరి భూముల వాళ్ళం. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీళ్ళు మా దాకా వస్తేనే మాకు పని. వానాకాలంలో కాలువ నిండుగా ఉంటుంది గానీ ఎండ ఉండదు, వేసవిలో ఎండ మండిపోతుంది గానీ కాలువ కట్టేస్తారు. సముద్రం దగ్గర కావడంతో మా దగ్గరా భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగానే ఉంటుంది, కాబట్టి బోరుతో నెట్టుకురావడం మాకూ కుదరదు. రొయ్యల చెరువులు పెరిగాక వాటి నీళ్ళు కాలువల్లో కలుస్తున్నాయన్న దిగులు ఒకటి. స్థలం పరిశ్రమను నిలబెడుతుందన్నది ఎంత నిజమో, ఆ స్థలం పాడైతే పరిశ్రమ కూడా పాడవుతుందన్నది అంతే నిజం, పెడనలో మేము దాన్ని ఏటా చూస్తున్నాం.

అపోహ: అలిజరిన్ వచ్చాక స్థలంతో పని ఏముంది?

వాస్తవం: ఈ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ మన తీరానికి వచ్చి, పేటపోలి అని వాళ్ళు పిలిచిన నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టేనాటికే ఇక్కడి అద్దకం బట్టకు పెద్ద పేరుండేది. ఆ పేరు తెచ్చిన ఎరుపు చిరివేరుది. గుల్లల సున్నం కలిసిన తీరపు ఇసుక నేలల్లో పెరిగిన వేరు మంచి ఎరుపునిచ్చేది, అంటే నేలే సగం రంగు తయారు చేసి పెట్టేదన్నమాట. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక, ఆ ముడి సరుకుకూ మా నేలకూ ఉన్న బంధం తెగిపోయింది, చిరివేరు తవ్వే వృత్తే లేకుండా పోయింది. అయితే వేరు మారింది గానీ పటిక మారలేదు, కరక్కాయ మారలేదు, జాడింపు మారలేదు, కాబట్టి కాలువ అవసరం కూడా మారలేదు. పైగా టేకు చెక్క మీద అచ్చు చెక్కేవారు, అద్దేవారు, జాడించేవారు, ఉడికించేవారు వేర్వేరు మనుషులు. ఒక రంగు అచ్చు గీత పక్క రంగు అచ్చుతో కలవకపోతే చెక్కిన మనిషి దగ్గరకు నడిచి వెళ్ళి ఆ పూటే సరిచేయించుకోగలిగే వెసులుబాటు షెడ్డు అద్దెలో రాదు.

అపోహ: ఇది ఆ ఊరి మట్టి మహిమ, ఇంకెక్కడా సాధ్యం కాదు.

వాస్తవం: ఇది మా ఊరివాళ్ళే గర్వంగా చెప్పుకునే మాట, నేను ఒప్పుకోను. రాజస్థాన్‌లో బగ్రూ ఉంది, మధ్యప్రదేశ్‌లో బాఘ్ ఉంది, వాళ్ళూ పటికతో, ఇనుముతో అద్దకం వేస్తున్నారు, ఏ ఊరి నీళ్ళకు తగ్గ రంగు ఆ ఊరికి ఉంది. గుజరాత్ కచ్ ప్రాంతంలో ధమడ్కా అనే ఊరిలో అజ్రఖ్ అనే అచ్చు అద్దకం చేసే పనివారు 2001 భూకంపం తరువాత తమ ఊరి నీళ్ళలో ఇనుము పెరిగి రంగులు చెడిపోతుండటంతో, భుజ్ దగ్గర నీళ్ళు చూసుకుని కొత్త ఊరే కట్టుకున్నారు, దాని పేరు అజ్రఖ్‌పూర్. పని తెలిసినవాళ్ళు తరలి వెళ్ళగలరు, కానీ ముందు నీళ్ళను వెతికి ఆ తరువాత ఇల్లు కట్టుకుంటారు. మనవాళ్ళు షెడ్డు ముందు కట్టి నీళ్ళు తరువాత చూస్తున్నారు.

మిగిలినవి క్లుప్తంగా.

పెడనలో కలం పట్టరు కాబట్టి అది అసలు కలంకారీ కాదని కొందరు వాదిస్తారు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున గుడి కోసం గీసిన దేవతా కథలకు వెదురు కలం కావలసి వచ్చింది, మచిలీపట్నంలో ఓడలకెక్కే తాన్ల కోసం ఒకే పువ్వు వందల గజాలు పడాలి కనుక అచ్చు వచ్చింది. కొనేవారు ఎక్కడున్నారో దాన్ని బట్టి పనిముట్టు మారింది, పటికా కరక్కాయా రెండు చోట్లా అవే.

మొదటి ఉతుకులో పసుపు నీళ్ళు వచ్చాయని, మోసపోయామని కంగారు పడి ఫోను చేసే ఆడపడుచులు చాలామంది ఉన్నారు. అమ్మా, భయపడకండి, అది బట్టలో మిగిలిన కరక్కాయ రసం కావచ్చు. విడిగా చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి. ఎరుపో నలుపో ధారగా కారి పక్క బట్టకు అంటితే మాత్రం అమ్మినవారిని నిలదీయండి.

జీఐ, అంటే ఊరి పేరుతో ఉన్న సరుకుకిచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కాబట్టి నకిలీలు ఆగిపోతాయన్నది మా పనివారిలోనే ఉన్న భ్రమ. శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ విడివిడిగా నమోదయ్యాయి. ఊరి పేరు లేకుండా ఒట్టి కలంకారీ అని రాసి మిల్లు ప్రింటు అమ్మేవాళ్ళ మీద ఆ నమోదు పట్టు అంతగా లేదు. ఊరి పేరును చట్టబద్ధంగా వాడుకోవాలంటే 1999 చట్టం కింద ప్రతి ఉత్పత్తిదారూ చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి, పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. 2020 సవరణతో దరఖాస్తు రుసుము 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గింది, కాబట్టి డబ్బు లేదనే సాకు ఇక లేదు. కార్ఖానా ఉండి ఇంకా నమోదు కాని వాళ్ళు ఈ నెలలోనే ఆ పని చూసుకోండి.

సొంత యూనిట్ పెట్టాలనుకునే వారికి నేనిచ్చే సలహా ఒక్కటే. జాగా బయానా ఇచ్చేముందు అక్కడి నీళ్ళు రెండు క్యాన్లు పట్టి తీసుకురండి. మూరెడు గాడా బట్టకు కరక్కాయ పట్టించి, ఒక నల్ల అచ్చు, ఒక పటిక అచ్చు వేసి, మీ నీళ్ళలోనే జాడించి ఉడికించి చూద్దాం. ఈ పరీక్ష వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయాలి, ఎందుకంటే బోరు నీళ్ళ గుణం కాలాన్ని బట్టి మారుతుంది. రంగు రాకపోతే అద్దకం, ఉడుకు పెడనలోనే చేయించుకుని, డిజైను, కుట్టు, అమ్మకం మీ ఊళ్ళో పెట్టుకోండి, అలా చేసి నిలదొక్కుకున్న వాళ్ళు ఉన్నారు. పని కళ్ళారా చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం కాలువలు కట్టేసిన రోజుల్లో రాకండి. బయలుదేరేముందు నీళ్ళు వదిలారో లేదో ఫోను చేసి కనుక్కుని, జాడింపు దగ్గర ఒక పూటంతా ఉండేలా తీరిక చేసుకుని రండి.