వాచిన చిగుళ్లలోని యాంటీబాడీలు ఎక్కడివి?

పాచి పేరుకుని వాచిన చిగుళ్లలో యాంటీబాడీలు పుష్కలంగా ఉంటాయి. అవి రక్తంలోంచి ఊరి వచ్చినవా, అక్కడికక్కడే తయారైనవా? ఇది తేలడానికి దశాబ్దాలు పట్టింది.

తొలి అడుగు దంతవైద్యానికి బయట పడింది. యాంటీబాడీలను తయారుచేసేది ప్లాస్మా కణాలని 1948లో స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ ఫాగ్రేయస్ చూపించారు. యాంటీబాడీకి మెరిసే రంగు అంటించి, కణజాలంలో ఏది ఎక్కడుందో మైక్రోస్కోపులో చూసే పద్ధతిని అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ 1940లలో రూపొందించారు. 1960లలో నార్వే శాస్త్రవేత్త పెర్ బ్రాంట్‌జేగ్ ఆ పద్ధతితోనే జబ్బుపడిన చిగుళ్లను పరిశీలించారు. పలచగా కోసిన ముక్కల్లో ప్లాస్మా కణాలు గుంపులుగా వెలిగాయి. లాలాజలంలో ప్రధానంగా ఉండేది ఐజీఏ రకం యాంటీబాడీ. ఇక్కడ మాత్రం ఎక్కువ కణాల్లో కనిపించింది రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ రకం. జబ్బు ముదిరిన చిగుళ్లలో ప్లాస్మా కణాలదే పైచేయి అని 1976లో పరిశోధకులు పేజ్, ష్రోడర్ వర్ణించారు.

అయితే కణం కనిపించినంత మాత్రాన, అది ఏ క్రిమి మీద యాంటీబాడీ చేస్తోందో తెలియదు. అది తేల్చే పని చిన్న కాగితపు పట్టీలతో జరిగింది. పంటికీ చిగురుకూ మధ్య సందులో పట్టీని కొన్ని క్షణాలు ఉంచితే అక్కడ ఊరే ద్రవాన్ని పీల్చుకుంటుంది. 1980లలో అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న ఫోర్సిత్ దంత పరిశోధన సంస్థలో ఎబర్సోల్, టాబ్‌మన్ బృందం ఆ ద్రవాన్ని అదే మనిషి రక్తంతో పోల్చి చూసింది. ఒక క్రిమి మీది యాంటీబాడీ రక్తంలోంచి ఊరిందే అయితే, ద్రవంలో అది రక్తంలో ఉన్నదానికంటే ఎక్కువ ఉండకూడదు. కొన్ని పళ్ల దగ్గర మాత్రం ఎక్కువే ఉంది! అదే నోట్లో మరికొన్ని పళ్ల దగ్గర అలా లేదు. ఇంత సూటి తర్కం వైద్య పరిశోధనలో అరుదుగా దొరుకుతుందని నా అభిప్రాయం. కోసి తీసిన చిగురు ముక్కలను ప్రయోగశాలలో పెంచినప్పుడు కూడా అవి యాంటీబాడీలను విడుదల చేశాయి. అక్కడ రక్తప్రసారం ఊసే లేదు. అంటే వాటిలో కొన్నైనా చిగుళ్లలోనే తయారవుతున్నాయి.

మరి ఇన్ని యాంటీబాడీలున్నా పళ్లెందుకు ఊడుతున్నాయి? వాటిలో అన్నీ పాచిలోని క్రిములకు గురిపెట్టినవి కావు. పైగా ఎముకను కరిగించే కణాలను ప్రేరేపించే ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను, జబ్బుపడిన చిగుళ్లలో చేరిన బీ కణాలు (ప్లాస్మా కణాలుగా మారేవి ఇవే) కూడా తయారుచేస్తాయని 2006లో ఫోర్సిత్ పరిశోధకులే చూపించారు. అంటే కాపలాకు వచ్చిన కణాల వల్లే పంటి కింది ఎముక కూడా నష్టపోతోంది. వయసు మీద పడి పళ్లు కదులుతున్నాయని సరిపెట్టుకునేవాళ్లకు ఈ విషయం ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు చర్చ కీళ్లవాతం వైపు మళ్లింది. చిగుళ్ల జబ్బుతో ముడిపడిన పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు ప్రోటీన్లను మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది. అలా మారిన ప్రోటీన్ల మీద తయారయ్యే యాంటీబాడీలే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి గుర్తు. అవి మొదట పుట్టేది చిగుళ్లలోనేనా అన్నది ఇంకా తేలలేదు.