పండుగొప్ప ఒక్కటేనా?

కానాగుర్త అనే సముద్రపు చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. ఆ రెండో మాట మన విశాఖ తీరానిది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలకు బొమ్మలు వేయించి, స్థానికుల నోట విన్న పేర్లతో 1803లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. అందులోని కానాగుర్త బొమ్మ ఆధారంగానే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే తెలుగు పేరును ఖాయం చేశాడు. తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

చేపను గుర్తించాలంటే అప్పట్లో రెక్కల ముళ్లు, పొలుసుల వరసలు లెక్కపెట్టేవారు. ఇప్పటికీ పునాది అదే. కానీ తల, తోలు తీసేసి ఫ్రీజర్లో పెట్టిన ముక్కకు ఏం లెక్కపెడతాం? కనురెప్ప వెంట్రుకంత పిల్లను చూసి ఏ చేప పిల్లో ఎలా చెప్తాం?

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో దీనికి ఒక దారి చూపింది. జంతువు ఏదైనా సరే, సీఓఐ అనే జన్యువులో ఒకే చోటు చదివి పోల్చుదాం అన్నారు. దానికి బార్‌కోడ్ అని పేరు పెట్టారు. ఈ జన్యువు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. ఒక్కో కణంలో దాని నకళ్లు వందలు, వేలు ఉంటాయి కాబట్టి కాస్త పాడైన మాంసంలోనూ దొరుకుతుంది. రెక్క చివర బియ్యపు గింజంత కత్తిరించి ఆల్కహాల్‌లో వేస్తే చాలు. ల్యాబ్‌లో డీఎన్ఏ తీసి, పీసీఆర్ అనే నకళ్లు తీసే పద్ధతితో ఆ జన్యువు ముక్కను కోట్ల నకళ్లుగా పెంచి, సుమారు 650 డీఎన్ఏ అక్షరాలు చదువుతారు.

ఆస్ట్రేలియాలో 207 జాతుల చేపలను ఇలా చదివి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఒకే జాతిలో తేడా సగటున 0.39 శాతం, అంటే రెండు మూడు అక్షరాలు. దగ్గరి చుట్టాలైన వేరే జాతులతో పోలిస్తే 9.93 శాతం, అరవైకి పైనే.

ఇప్పుడు పండుగొప్ప సంగతి. మన ఉప్పునీటి చెరువుల్లోనూ పెంచే ఈ చేపకు 1790లోనే శాస్త్రీయ నామం పెట్టారు. పర్షియన్ గల్ఫ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నదంతా ఒకటే జాతి అనుకున్నారు. 2008లో మయన్మార్ చేప బార్‌కోడ్‌ను ఆస్ట్రేలియా చేపతో పోలిస్తే తేడా దాదాపు 9.5 శాతం వచ్చింది! ఒకే జాతిలో అంత తేడా ఉండదు. 2012లో రోహన్ పెతియగొడ, ఆంథనీ గిల్ మయన్మార్ నుంచి ఒకటి, శ్రీలంక నుంచి ఒకటి కొత్త జాతులుగా వర్ణించారు. వాటికి పేరు పెట్టడానికి మళ్లీ ఒంటి కొలతలే తీయాల్సి వచ్చింది. బార్‌కోడ్ అనుమానం రేపుతుంది, తీర్పు చెప్పేది చేపను చేతిలోకి తీసుకుని చూసినవాళ్లే.

అందుకే బార్‌కోడ్‌లు పోల్చుకునే జాబితాలో అక్షరాల వరస ఒక్కటే ఉంటే సరిపోదు. ఫొటో, పట్టిన చోటు, మ్యూజియంలో దాచిన చేప నంబరు కూడా ఉండాలి. మొదట పేరు తప్పు రాస్తే, ఆ తర్వాత దానితో పోల్చుకున్న ప్రతివాళ్లూ అదే తప్పు చేస్తారు. చేపను చూసి పేరు తేల్చే ఈ పనికి జీతం, గుర్తింపు రెండూ తక్కువే కావడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో చిక్కు: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. బొచ్చె, శీలావతి కలిసిన సంకర పిల్లకు బార్‌కోడ్ తీస్తే తల్లి పేరే చెబుతుంది, తండ్రి ఊసే ఉండదు.

మరి పులస? సముద్రంలో ఉంటే విలస, గోదావరికి ఎదురీదితే పులస. పేర్లు రెండు, ధరల్లో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, జాతి మాత్రం ఒకటే. పుస్తెలమ్మి కొన్న పులస ఒడిశా సముద్రం నుంచి ఐసులో వచ్చిన విలసేమో అని టెన్షన్ పడేవాళ్లకు బార్‌కోడ్ ఏ సాయమూ చేయలేదు. ఆ చేప లోపలి చెవిలో సన్నని రాళ్లు ఉంటాయి. పొరలు పొరలుగా పెరిగే ఆ రాళ్లలో, ఉప్పునీటిలో ఎక్కువగా ఉండే స్ట్రాన్షియం అనే లోహం పాళ్లు చూస్తే, అది ఎప్పుడు ఉప్పునీటిలో ఉందో, ఎప్పుడు మంచినీటిలోకి వచ్చిందో కొంతవరకు తెలుస్తుంది.