ప్రార్థించిన ఉప్పు, నిస్సారమైన ఉప్పు: అపోహలు, వాస్తవాలు

కడప జిల్లాలో సంఘ కాపరిగా పనిచేస్తున్న నన్ను విశ్వాసులు ఎక్కువగా అడిగేది త్రిత్వం గురించో రెండవ రాకడ గురించో కాదు, ఉప్పు గురించి. "అయ్యగారూ, దీని మీద ఒక చిన్న ప్రార్థన చేసి ఇస్తారా?" అంటూ ఆరాధన ముగిశాక గల్లుప్పు పొట్లంతో నిలబడేవారు తరచుగా కనబడతారు.

వారు చూపే ఆధారం బైబిలులోని రెండవ రాజుల గ్రంథం 2వ అధ్యాయం. ఎలీషా ప్రవక్త కొత్త పాత్రలో ఉప్పు తెప్పించి యెరికో పట్టణపు నీటి ఊటలో వేయగా నీళ్ళు బాగయ్యాయి గనుక, ప్రార్థించిన ఉప్పు కలుపుకొని తాగితే రోగం పోతుందని, గడపలో చల్లితే చేతబడి తగలదని అపోహ. ఆ అధ్యాయాన్ని 21వ వచనం దాకా చదివితే, ఈ నీటిని బాగుచేసినది నేనేనని యెహోవా సెలవిస్తున్నాడు. ఉప్పుకు ఆ ఘనత ఇవ్వలేదు. ఊరివారిలో ఎవరూ ఆ ఉప్పు తాగినట్టు గాని, ఇంటికి పట్టుకుపోయినట్టు గాని అక్కడ లేదు. బోరులో ఉప్పునీళ్ళు పడితే చేను చౌడు బారుతుందని మన సీమ రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. మృతసముద్రానికి దగ్గరలో ఉన్న యెరికోవారికి ఆ సంగతి ఇంకా బాగా తెలుసు. నీళ్ళను చెడగొట్టే వస్తువునే వేయించి దేవుడు నీళ్ళను బాగుచేశాడన్నదే ఆ సూచక క్రియలోని (అద్భుతంలోని) బలం. అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లించినది (న్యాయాధిపతులు 9:45) దాన్ని దీవించడానికి కాదు గదా!

ఈ అపోహ మీద నేను ఇంత పట్టుగా మాట్లాడడానికి కారణం ఉంది. రక్తపోటుకు మాత్రలు వాడుతున్న ఒక అవ్వ, ఎక్కడో స్వస్థత కూటంలో డబ్బిచ్చి తెచ్చుకున్న ఉప్పును రోజూ పరగడుపున చెంచాడు నీళ్ళలో కలుపుకొని తాగుతూ, విశ్వాసం తగ్గుతుందేమోనని మాత్రలు మానేసింది. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, ఆ ఒక్క చెంచాతోనే ఆమె హద్దు తీరిపోయేది. కాళ్ళు వాచి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన తరువాత గాని ఇంట్లోవారికి విషయం తెలియలేదు. నా కోపం అమ్మినవారి మీదనే; రాత్రంతా నిద్రపట్టని మనిషికి ఎవరేమి ఇచ్చినా మందులాగే కనబడుతుంది. కోలుకున్నాక ఆమె, మిగిలిన ఉప్పును పారవేస్తే పాపమా అని అడిగింది. మామిడికాయ ఊరగాయలో వేయించమని, ఆ ఊరగాయ మాత్రం తాను ముట్టవద్దని చెప్పాను.

రోమన్ కతోలిక సంఘంలో ఉప్పును ఆశీర్వదించి పవిత్ర జలంలో కలిపే ఆచారం ఉన్నమాట నిజమే. అక్కడ కూడా అది మందుకు బదులుగా ఇచ్చేది కాదు.

నైవేద్యాలన్నిటికీ ఉప్పు చేర్చాలన్న ఆజ్ఞను (లేవీయకాండము 2:13) కొందరు దిష్టి ఉప్పుతో కలిపేస్తారు. అక్కడ ఉప్పు నిబంధనకు, అంటే దేవునికీ ఆయన ప్రజలకూ మధ్య ఉన్న ఒడంబడికకు, గుర్తు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్న మన పెద్దల మాటే దానికి దగ్గరగా ఉంటుంది. ఇక లోతు భార్య ఉప్పు స్తంభమైంది గనుక ఉప్పు ఒలికితే శాపమనడం వట్టి పుకారు.

నిస్సారమైన ఉప్పు మాట (మత్తయి 5:13) వేరు. మీరు లోకానికి ఉప్పు, ఉప్పు నిస్సారమైతే అది బయట పారవేయబడి తొక్కబడడానికే గాని దేనికీ పనికిరాదని యేసు తన శిష్యులతో అన్నాడు. ఆ మాటను తమకే అన్వయించుకొని కొందరు లోపల్లోపల కుమిలిపోతారు. కొంతకాలం సంఘానికి దూరమై తాగుడులో పడి తిరిగి వచ్చిన ఒక యువకుడు, తాను బయట పారవేయబడిన ఉప్పునని, మరి ప్రార్థించి లాభం లేదని కన్నీళ్ళతో అన్నాడు. శుద్ధమైన ఉప్పు సారం కోల్పోదు. మృతసముద్రపు ఒడ్డున దొరికే ఉప్పులో జిప్సం వంటివి కలిసి ఉండడం వల్ల, తడికి అసలు ఉప్పు కరిగిపోయి చూపుకు ఉప్పులాగే ఉన్న రుచిలేని తెల్లని పొడి మిగిలేదని వ్యాఖ్యాతలు వివరిస్తారు. వేమన చెప్పిన ఉప్పూ కప్పురమూ పోలిక తెలిసినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. కాబట్టి అది పేరుకు మాత్రమే శిష్యులుగా ఉండి లోకంతో కలిసిపోయేవారికి చేసిన హెచ్చరికే గాని, పడిపోయి ఏడుస్తున్నవానికి విధించిన తీర్పు కాదు. యేసు ఆ మాట చెప్పేనాటికే పిలువబడిన శిష్యులలో పేతురు ఒకడు. అదే పేతురు తరువాత యేసు ఎవరో తనకు తెలియదని ముమ్మారు బొంకాడు. అయినా ప్రభువు నన్ను ప్రేమిస్తున్నావా అని అతన్ని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను మేపమనే అప్పగించాడు (యోహాను 21). ఆ అధ్యాయం ఆ యువకుని చేతనే బిగ్గరగా చదివించాను. మూడవ ప్రశ్న దగ్గర అతడు చాలాసేపు ఆగిపోయాడు.