ఉమ్మనీరు: మా ఓపీలో రోజూ వినే అపోహలు

"తొమ్మిదికొచ్చిందంట మేడం. పోయిన నెల పద్నాలుగుండె. నీళ్లు తాగుమంటే ఇంటలేదు." స్కాన్ రిపోర్టు నా ముందు పెడుతూ అత్తగారు అన్న మాట ఇది. పక్కన 34వ వారం గర్భిణి, ఒళ్లో పెద్ద నీళ్ల బాటిల్ పెట్టుకుని తల వంచుకు కూర్చుంది. హైదరాబాదులో ఏ గైనిక్ ఓపీలో కూర్చున్నా ఈ దృశ్యం కనిపిస్తుంది.

ముందు ఆ అంకె సంగతి. పొట్టను నాలుగు భాగాలుగా చూసి, ఒక్కోచోట నీటి లోతు కొలిచి కలిపితే వచ్చేదే ఏఎఫ్ఐ. 5 నుంచి 24 సెంటీమీటర్ల దాకా మామూలే. నెలలు నిండేకొద్దీ కొంత తగ్గడమూ సహజమే.

ఇక "నీళ్లు తాగకపోతేనే ఉమ్మనీరు తగ్గుతుంది" అన్న నమ్మకం. నాలుగో నెల దాటాక ఉమ్మనీరు చాలావరకు బిడ్డ పోసే మూత్రమే. నీరు తల్లి రక్తం నుంచి మాయ (ప్లాసెంటా) ద్వారా బిడ్డకు, బిడ్డ కిడ్నీల నుంచి ఉమ్మనీటి సంచిలోకి చేరుతుంది. బీపీ వల్ల మాయకు రక్తం సరిగా అందకపోయినా, బిడ్డ కిడ్నీల్లో, మూత్రనాళంలో లోపమున్నా, సంచి కారుతున్నా నీరు తగ్గుతుంది. మే నెల ఎండలో ఒళ్లు ఎండిపోయిన తల్లి రెండు లీటర్లు తాగితే అంకె కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ మాయలోని లోపం కొబ్బరినీళ్లతోనో, సెలైన్ ఎక్కిస్తేనో పోదు. అప్పుడు బిడ్డ ఎదుగుదల, డాప్లర్ (రక్తప్రసరణ తెలిపే స్కాన్) చూడాలి, అవసరమైతే కాన్పు ముందే చేయాలి.

ఎవరూ అడగని కారణం ఇంకొకటుంది. నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి మూత్రం తగ్గిస్తాయి, దాంతో ఉమ్మనీరూ తగ్గుతుంది. డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని మాత్రం మీ అంతట మీరు మానొద్దు.

ఉమ్మనీరు ఎక్కువుందని నీళ్లు మానేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి అలా చేయొద్దు. అప్పుడు మేం చూసేది షుగర్, కవలలు, బిడ్డ మింగడంలో అడ్డంకి ఉందా అని. కొద్దిగా ఎక్కువున్నప్పుడు చాలాసార్లు కారణమే దొరకదు.

అన్నింటికన్నా నన్ను భయపెట్టే మాట "నొప్పులు రాలేదుగా, రేపు చూద్దాం". ఓసారి ఒకామె నిన్న మధ్యాహ్నం నుంచి తడుస్తోందంటూ రాత్రి పొద్దుపోయాక వచ్చింది. అమావాస్య దాటాక బయల్దేరదామని పెద్దలు ఆపారట. అప్పటికే జ్వరం, నాడి వేగంగా కొట్టుకుంటోంది, నీరు వాసన వస్తోంది. సంచి పగిలాక ఆలస్యమయ్యేకొద్దీ ఇన్ఫెక్షన్ పైకి పాకుతుంది. ముహూర్తం మీద గౌరవం ఉంచుకోండి, కానీ ఈ ఒక్క విషయంలో గడియారం చూసి బయల్దేరండి.

మూత్రమో ఉమ్మనీరో తెలియకపోతే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని కాసేపు పడుకుని లేవండి. మూత్రాన్ని చాలావరకు బిగబట్టగలం, దీన్ని ఆపలేం. లేచినప్పుడు, దగ్గినప్పుడు మళ్లీ జారుతుంది. అయినా అనుమానం తీరకపోతే ఇంట్లో తేల్చుకోవాలని కూర్చోకండి, వచ్చేయండి. మొదలైన టైము రాసుకోండి, తడిసిన ప్యాడ్ పారేయకుండా కవర్లో పెట్టి తీసుకురండి. దాని రంగు, వాసన మాకు చాలా చెబుతాయి. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉన్నా, జ్వరమొచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, బొడ్డుపేగు జారినట్టనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

"సంచి పగిలితే ఇక ఆపరేషనే" అనుకుని ఆసుపత్రికి రావడానికే జంకేవాళ్లున్నారు. నెలలు నిండాక పగిలితే ఎక్కువమందికి 24 గంటల్లోపు నొప్పులు వాటంతటవే వస్తాయి, రాకపోతే మందులతో తెప్పిస్తాం. 37 వారాలకు ముందే పగిలితే చాలాసార్లు యాంటీబయాటిక్స్ ఇస్తూ, బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేసి, రోజులు పొడిగించే ప్రయత్నం చేస్తాం. ఎంత త్వరగా వస్తే మా చేతిలో అంత సమయం ఉంటుంది. నీరంతా పోయి కాన్పు ఎండిపోతుందనే భయమూ వద్దు. బిడ్డ మూత్రం పోస్తూనే ఉంటుంది.

"బిడ్డ ఉమ్మనీరు తాగేసింది, అందుకే బాక్సులో పెట్టారు." నెలలు నిండే బిడ్డ రోజుకు దాదాపు అర లీటరు ఉమ్మనీరు మింగుతుంది, మింగాలి కూడా. కడుపులోనే మలవిసర్జన చేసి, ఆ కలిసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతేనే ఇబ్బంది.

చివరగా గ్రహణం. అరుదుగా సంచి లోపలి పొర చిరిగి, దాని పోగులు బిడ్డ వేళ్లకో కాళ్లకో చుట్టుకుంటాయి. అలా పుట్టిన ఒక పాప చూపుడు వేలి మీద దారం కట్టి బిగించినట్టు లోతైన గాడి ఉంది. ఆ తల్లి నన్నడిగిన మొదటి మాట: "గ్రహణం నాడు ఉల్లిగడ్డ కోసిన మేడం, అందుకేనా?"

కాదమ్మా. ఆ పొర చిరగడానికీ నీ చేతిలోని కత్తికీ ఏ సంబంధమూ లేదు.