వరం పక్కవాళ్ల కోసం

దేవరకొండ

ప్రియమైన బిడ్డలకు,

యేసు నామంలో మీ తాత వందనాలు.

మొన్న యూత్ మీటింగ్ అయ్యాక మీలో కొందరు నా దగ్గరికి వచ్చారు. "తాతా, మాకు పాట రాదు, కీబోర్డ్ రాదు, నలుగురిలో నిలబడి ప్రార్థన చేయాలంటే టెన్షన్. మాకు దేవుడు ఏ వరమూ ఇవ్వలేదేమో" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో గ్రీసులోని కొరింథు సంఘంలో వరాలకు, అంటే సంఘం మేలు కోసం దేవుడిచ్చే సామర్థ్యాలకు, కొదవ లేదు. ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడేవాళ్లు, ప్రవచించేవాళ్లు అందరూ ఉన్నారు. ఎవరి వరం గొప్పదన్న పోటీ కూడా ఉంది. అపొస్తలుడైన పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి వాళ్లకు పత్రిక రాస్తూ, 12వ అధ్యాయంలో వరాల సంగతి ఎత్తాడు, 14లో మళ్లీ అదే మాట్లాడాడు. ఆ రెండింటి నడుమ ఉన్నదే మనం పెళ్లిళ్లలో చదువుకునే ప్రేమ అధ్యాయం. అది ముందుగా పెళ్లి జంట కోసం రాసింది కాదు బిడ్డలారా, ఒకరినొకరు చిన్నచూపు చూసుకుంటున్న విశ్వాసుల కోసం రాసింది. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోనూ అంతే. బోధించేవాడు, పంచిపెట్టేవాడు, కరుణించేవాడు అని వరుసగా చెప్పి, వెంటనే "మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను" అంటాడు. ఆ వరుసలో కరుణించడం కూడా వరమే. దానికి మైకు అక్కర్లేదు.

మర్రిగూడ వైపు నుంచి మన మందిరానికి వచ్చే పెద్దాయన మీకు తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ ఊళ్లలో అంతకంటే ఎంతో ఎక్కువున్న నీళ్లనే ఏళ్ల తరబడి తాగారు. ఆయన కీళ్లు బిగుసుకుపోయాయి, మెడ తిరగదు. చాప మీద కూర్చుంటే లేవలేరు కాబట్టి ఆరాధన అంతా గోడకు ఆనుకుని నిలబడేవారు. ఇప్పుడు మీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ముందే వచ్చి చేతుల కుర్చీ వేసి ఉంచుతుంది. ఆయన తల పక్కకు తిప్పలేరని, పాస్టర్‌గారు నేరుగా కనబడేలా వేస్తుంది. కీర్తనల పుస్తకం ఒళ్లో పెడితే ఆయన తల వంచి చూడలేరు. అందుకే పక్కన కూర్చుని కళ్ల ఎత్తున పట్టుకుంటుంది. పేజీ తిప్పే ముందు, చరణం అయిపోయిందా లేదా అని ఆయన ముఖం చూస్తుంది.

నా వరం ఏమిటి తాతా అని అడిగినవాళ్లలో ఆ బిడ్డ కూడా ఉంది!

ఇంకొక పిల్లవాడు పింఛన్ ఇచ్చే రోజు మన ముసలివాళ్లను పోస్టాఫీసుకు తీసుకెళ్తాడు. మట్టి పనులు చేసి చేసి వాళ్ల వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ తొందరగా పట్టదు. అతను తడిగుడ్డతో వేలు తుడిచి, ఇంకో వేలు పెట్టించి, వరసలో వెనకవాళ్లు విసుక్కుంటున్నా "తొందరేం లేదు పెద్దమ్మా" అంటాడు. పౌలు "కరుణించువాడు సంతోషముతో" చేయాలన్నది ఇందుకే. చిరాకుతో చేసిన సాయం ముసలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, పింఛన్ చేతికందినా మనసు చిన్నబోతుంది.

యొప్పే ఊళ్లో విధవరాళ్లకు బట్టలు కుట్టిపెట్టిన విశ్వాసురాలు దొర్కా. ఆమె చెప్పిన మాట ఒక్కటి కూడా అపొస్తలుల కార్యాల్లో లేదు. ఆమె చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు యేసు శిష్యుడైన పేతురుకు చూపించారు. నాకు ఆ 9వ అధ్యాయం చదివినప్పుడల్లా గుండె నిండిపోతుంది.

కాబట్టి నా వరం ఏది అని లోపలే వెతుక్కోకండి. ఎవరి ఇబ్బంది మీ కళ్లకు ముందు కనబడుతుందో చూడండి. అక్కడ చెయ్యి వేయండి. చేస్తూ ఉంటే సంఘమే మీ వరాన్ని గుర్తుపట్టి చెబుతుంది. పాట వచ్చినవాళ్లు పాడండి, దాన్నీ తక్కువ చేయొద్దు. పేతురు చెప్పినట్టు, ఎవరు పొందిన కొలది వాళ్లు ఉపచారం చేయాలి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పొరుగింటివాళ్లు మన మందిరానికి రాకపోయినా వాళ్లకు అవసరం పడితే పరుగెత్తండి. సాయం చేశాం కదా, ఆదివారం వస్తారా అని అడగొద్దు. ఫోటో తీసి స్టేటస్ పెట్టొద్దు. ఎరగా వేసింది ప్రేమ కాదు.

క్రిస్మస్ దగ్గర పడుతోంది. మన దగ్గర పిల్లలు ముంబయికి, పుణెకు వలసపోయి ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. క్యారల్స్‌కు వెళ్లినప్పుడు పాడేసి పరుగెత్తకుండా కాసేపు కూర్చోండి, వాళ్ల పిల్లలకు వీడియో కాల్ కలిపి ఇవ్వండి. ఎవరెవరు ఏ ఇంటికి వెళ్తారో ఆదివారం లోపు పాస్టరమ్మగారికి చెప్పండి. మర్రిగూడ దాకా వెళ్లేవాళ్లకు ఆటో ఖర్చు నేనిస్తాను.

ప్రేమతో,
మీ తాత