ఆర్మీ, మిలిటెన్సీ, వరదలు: మా పక్క వినిపించే అపోహలు - వాస్తవాలు

మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్క. మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజినీర్లలో చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. మధ్యలో రాష్ట్రీయ రైఫిల్స్‌కి పంపితే కశ్మీర్‌లో చేశాను. ఈ ఆర్‌ఆర్‌ను 1990లో మిలిటెన్సీని అణచడం కోసమే పెట్టారు. దీనికి సొంతంగా భర్తీ ఉండదు, వేర్వేరు రెజిమెంట్ల నుంచి మాలాంటి వాళ్లను కొన్నేళ్లకు పంపుతారు. అగ్నివీర్ కోసం పొద్దున్నే పరుగు తీసే మా పిల్లకాయలు అడిగే ప్రశ్నలు వింటుంటే, వీళ్లకు ఆర్మీ గురించి తెలిసిందంతా సినిమాలదీ వాట్సాప్‌దీ అని అర్థమవుతుంది.

అపోహ: "అక్కడ రోజూ ఎన్‌కౌంటర్లే కదన్నా?"

వాస్తవం: రోజులో ఎక్కువ భాగం రోడ్డుకే పోతుంది. కాన్వాయ్ కదలకముందే, ఇంకా చీకటి ఉండగానే, రోడ్డుకు రెండు పక్కలా నడుచుకుంటూ పోవాలి. కల్వర్టు కింద ఏముంది, మట్టి ఎక్కడన్నా కొత్తగా తవ్వారా, నిన్న లేని రాళ్లకుప్ప ఇవాళ ఎట్లా వచ్చింది, ఎవరో వదిలేసిన పాలక్యాను ఎందుకుంది, అన్నీ చూడాలి. దీన్ని ఆర్వోపీ అంటాం, రోడ్ ఓపెనింగ్ పార్టీ. చూసేస్తే అయిపోదు. సాయంత్రం చివరి బండి దాటేదాకా ఎవరి జాగాలో వాళ్లు నిలబడాలి. మంచులో బూట్లు తడిసి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలీదు. అదే కల్వర్టును నెలల తరబడి చూశాక కళ్లు చూసీ చూడనట్టు పోతాయి. ఐఈడీ, అంటే నాటుబాంబు పెట్టేవాడు కాచుకునేది దానికోసమే. టెన్షనంతా అక్కడే. కాల్పులు జరిగే రోజులు చాలా తక్కువ.

అపోహ: "చేతిలో గన్నుంది, అఫ్‌స్పా ఉంది, ఏం చేసినా అడిగేవాడు లేడు"

వాస్తవం: అఫ్‌స్పా అంటే సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే 1958 నాటి చట్టం, జమ్మూకశ్మీర్‌కు 1990లో వేరేగా చేశారు. కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోట వారంటు లేకుండా సోదా చేయొచ్చు, అరెస్టు చేయొచ్చు, కొన్ని పరిస్థితుల్లో హెచ్చరించి కాల్చొచ్చు. కానీ పట్టుకున్న మనిషిని వీలైనంత త్వరగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు అప్పగించాలి. కేసు పెట్టేది, కోర్టుకు తీసుకుపోయేది వాళ్లే. 1997లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందంటూనే, చేయాల్సినవీ చేయకూడనివీ అని ఆర్మీ పెట్టుకున్న జాబితాను పాటించి తీరాలంది. 2016లో మణిపూర్ కేసులో, అఫ్‌స్పా ఉన్నంతమాత్రాన జవాన్లకు పూర్తి రక్షణ ఉండదని తేల్చింది.

కాగితం మీద ఇంతవరకూ బాగానే ఉంది. ఆచరణకొస్తే జవాను మీద మామూలు కోర్టులో కేసు నడవాలంటే ముందు కేంద్రం అనుమతి కావాలి, అది దొరకడం కష్టం. 2021 డిసెంబర్‌లో నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర, పనినుంచి ఇంటికి పోతున్న బొగ్గుగని కూలీలు 6గురిని ఆర్మీవాళ్లు మిలిటెంట్లనుకొని కాల్చేశారు. విచారణకు కేంద్రం 2023లో అనుమతి నిరాకరించింది. కశ్మీర్‌లో 2010 నాటి మచిల్ బూటకపు ఎన్‌కౌంటర్‌లో ఆర్మీ కోర్టే తన సైనికులకు యావజ్జీవం వేసింది, 2017లో సైనిక ట్రిబ్యునల్ ఆ శిక్షను ఆపి బెయిలిచ్చింది. యూనిఫాం వేసుకున్నవాడిగా ఇది చెప్పడం నాకేం సరదా కాదు. కానీ "అడిగేవాడు లేడు" అనేది ఎంత అబద్ధమో, "అంతా పద్ధతిగానే జరుగుతుంది" అనేదీ అంతే అబద్ధం.

ఒక చిన్న విషయం చెప్తా. ఇల్లు సోదా చేశాక, ఏమీ పగల్లేదు, ఏమీ పోలేదు అని ఇంటాయన దగ్గరో ఊరిపెద్ద దగ్గరో సంతకం తీసుకుంటాం. మంచి పద్ధతే. కానీ గుమ్మంలో తుపాకులతో నిలబడ్డవాళ్లకు, పెట్టనని ఎవరంటారు?

అపోహ: "వరదల్లో కాపాడితే జనం మనవైపు తిరిగిపోతారు"

వాస్తవం: మావాళ్లలో కూడా చాలామంది నమ్మేది ఇదే. 2014 సెప్టెంబర్‌లో జీలం పొంగి శ్రీనగర్ మునిగింది. బాదామీబాగ్ కంటోన్మెంట్‌లోకే నీళ్లొచ్చాయి, అంటే కాపాడాల్సినవాళ్లే ముందు నీళ్లలో ఉన్నారు. ఆపరేషన్ మేఘ్ రాహత్ పేరుతో సైన్యం 2 లక్షల మందికి పైగా బయటికి తెచ్చింది. ఊరి వీధుల్లో బోటు నడపడం ఏట్లో నడిపినట్టు కాదు. ఓబీఎం, అంటే వెనక తగిలించే మోటారు ఫ్యానుకు కరెంటు తీగలు, చీరలు, ప్లాస్టిక్ చుట్టుకుంటాయి. మోటారు పైకెత్తి తెడ్లేసుకోవాలి. తలెత్తితే తీగ మెడకు తగులుతుంది.

అంత చేసినా కొన్నిచోట్ల బోట్ల మీద, హెలికాప్టర్ల మీద రాళ్లు పడ్డాయి. పలుకుబడి ఉన్నవాళ్లనే ముందు తీసుకుపోతున్నారన్న కోపం ఒకటి, పాతికేళ్ల పాత కోపం ఒకటి. ఇంకో సంగతి మన టీవీల్లో పెద్దగా రాలేదు. మొదటి రోజుల్లో చాలా వాడల్లో జనాన్ని మోసింది అక్కడి కుర్రాళ్లే, షికారాలనే అక్కడి పడవలతో, డ్రమ్ములు కట్టిన తెప్పలతో. రెండేళ్లకు, 2016లో, మిలిటెంట్ కమాండర్ బుర్హాన్ వానీ చనిపోయాక అదే వరద చూసిన దక్షిణ కశ్మీర్ నెలల తరబడి అట్టుడికింది. 1998 నుంచి ఆపరేషన్ సద్భావన కింద ఆర్మీవాళ్లు అక్కడ బడులు, మెడికల్ క్యాంపులు నడుపుతున్నారు. వాటివల్ల పిల్లలు చదువుకున్నారు, అది చాలు. ఓట్లు లెక్కపెట్టినట్టు మనసులు లెక్కపెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

అపోహ: "నల్లమలలో నక్సలైట్లను ఏరేసింది ఆర్మీనే"

వాస్తవం: కాదు. రాష్ట్ర పోలీసులు, వాళ్ల గ్రేహౌండ్స్.

అపోహ: "2021లో పెన్నకు వరదొస్తే ఆరెంజ్ డ్రెస్సు ఆర్మీ వచ్చింది"

వాస్తవం: పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలుకట్ట కొట్టుకుపోయినప్పుడు ఇక్కడికొచ్చిన ఆరెంజ్ డ్రెస్సువాళ్లు ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. 2005 విపత్తుల చట్టం కింద పెట్టిన దళమది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి వాటినుంచి మనుషులొస్తారు, ఆర్మీ నుంచి కాదు. మన రాష్ట్రానికి వచ్చే 10వ బెటాలియన్ విజయవాడ పక్క కొండపావులూరులో ఉంటుంది. ఆర్మీ వరదకు తనంతట తాను దూకేయదు. మామూలుగా కలెక్టరో ప్రభుత్వమో అడగాలి. ఆలస్యమైందని జవాన్లను తిట్టేముందు, అడగాల్సినవాళ్లు ఎప్పుడడిగారో కనుక్కోండి.

నీళ్లొస్తే 112కో, జిల్లా కంట్రోల్ రూం 1077కో చేయండి. ఊరి పేరొక్కటే చెప్తే చాలదు, ఏ గుడి పక్కన, ఏ కాలవ కట్ట మీద అని చెప్పండి. బోటొచ్చాక అందరూ ఒకే అంచుకు ఎగబడొద్దు, ఎక్కినవాళ్లు వెంటనే కూచోండి. గేదెల్ని కట్టుకొయ్యకు వదిలి రావద్దు. ముడి విప్పే టైమ్ లేకపోతే పలుపు కోసేయండి, ఈదుకుంటాయి.